ఫార్మాట్ కన్నా ముందు బ్యాటరీ చూడండి

ప్రశ్న: మా డెస్క్‌టాప్ కొని పదేళ్లు దాటింది. విండోస్ 10 ఉంది. ప్లగ్ తీసేసి నెల రోజులు ఊరెళ్లి వచ్చాం. ఇప్పుడు ఆన్ చేస్తే నీలం తెర మీద ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని వచ్చి, దానంతటదే రీస్టార్ట్ అవుతోంది. బయోస్‌లో హార్డ్ డిస్క్ పేరు కనిపిస్తోంది కానీ తేదీ ఎప్పటిదో ఉంది. షాపులో ఫార్మాట్ చేయాలంటున్నారు. ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఫార్మాట్‌కు అప్పుడే ఒప్పుకోకండి. తేదీ వెనక్కి పోయిందంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టే. కరెంటు లేనప్పుడు తేదీని, బయోస్ సెట్టింగులను నిలబెట్టేది అదే. ప్లగ్‌లో కరెంటు ఉన్నన్నాళ్లూ అది అయిపోయిన సంగతి బయటపడదు. ప్లగ్ తీసి ఉంచేసరికి బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) సెట్టింగులు మొదటికొచ్చాయి, వాటితోపాటు సాటా మోడ్ కూడా మారిపోయి ఉంటుంది. సాటా మోడ్ అంటే మదర్‌బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి. ఐడీఈ, ఏహెచ్‌సీఐ, రెయిడ్ అనేవి ఆ పద్ధతుల పేర్లు. విండోస్ ఏ మోడ్‌లో ఇన్‌స్టాల్ అయిందో ఆ డ్రైవర్‌నే బూట్ సమయంలో లోడ్ చేస్తుంది. మోడ్ మారితే డిస్క్ ఎదురుగా ఉన్నా దానితో మాట్లాడలేదు. ఫొటోలు ఎక్కడికీ పోలేదు.

ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను కొద్ది సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత బ్యాటరీ మార్చండి. ప్లస్ గుర్తున్న వైపు పైకి ఉండాలి. పాతదాన్ని మల్టీమీటర్‌తో చూస్తే 3 వోల్టులకు బాగా తక్కువ చూపిస్తుంది. ఆన్ చేయగానే కీబోర్డులో డిలీట్ లేదా ఎఫ్2 కీ నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. తేదీ సరిచేసి, సాటా మోడ్ దగ్గర ఐడీఈ ఉంటే ఏహెచ్‌సీఐకి మార్చి, ఎఫ్10తో సేవ్ చేయండి. అదీ కుదరకపోతే రెయిడ్ పెట్టి చూడండి. కొన్ని కంపెనీ సిస్టమ్‌లు ఆ మోడ్‌లోనే వస్తాయి. మోడ్ మార్చినంత మాత్రాన డేటా చెరగదు. రెయిడ్ మెనూలో ‘క్రియేట్ వాల్యూమ్’ జోలికి మాత్రం పోవద్దు, అది చెరిపేస్తుంది.

ప్రశ్న: మా విండోస్ 10 ఐడీఈ మోడ్‌లో ఉంది. ఎస్ఎస్‌డీ వేశాం. మళ్లీ ఇన్‌స్టాల్ చేయకుండా ఏహెచ్‌సీఐకి మార్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మార్చుకోవచ్చు. ఎస్ఎస్‌డీ ఉంది కాబట్టి మార్చుకోవడమే మేలు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వచ్చే రన్ బాక్సులో ఎంఎస్‌కాన్ఫిగ్ (msconfig) అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్, మినిమల్ టిక్ పెట్టండి. రీస్టార్ట్ చేసి, విండోస్ మొదలవకముందే బయోస్‌లోకి వెళ్లి మోడ్ మార్చండి. సేఫ్ మోడ్‌లో విండోస్ కావలసిన డ్రైవర్‌ను తానే పట్టుకుంటుంది. లోపలికి వెళ్లాక ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేయండి. తీయడం మరిచిపోతే ప్రతిసారీ సేఫ్ మోడ్‌లోనే తెరుచుకుంటుంది. సేఫ్ మోడ్‌లో ఒక్కోసారి పిన్ పనిచేయదు, అకౌంట్ పాస్‌వర్డ్ దగ్గర పెట్టుకోండి. బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉంటే ముందే సస్పెండ్ చేయండి, అంటే తాత్కాలికంగా ఆపండి. లేకపోతే 48 అంకెల రికవరీ కీ అడిగి కూర్చుంటుంది.