కుటుంబ రక్షణకు లైసెన్సు తుపాకీ పెట్టుకుని తిరగాలా? వద్దనే చెప్తాను

మీ ప్రశ్న ఇది: హైదరాబాద్ శివార్లలో ప్లాట్ల వ్యాపారం చేస్తారు. సైటు నుంచి అడ్వాన్సు డబ్బులతో రాత్రిపూట ఇంటికి రావాల్సి వస్తోంది. ఈ మధ్య ఎవరో ఇద్దరు బైకు మీద ఔటర్ సర్వీసు రోడ్డు పొడుగునా వెంటపడ్డారు. ఇంట్లో భార్య, ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు. లైసెన్సు తీసుకుని రివాల్వరు నడుముకు పెట్టుకుంటే కుటుంబానికి రక్షణ ఉంటుందా?

ఉండదు. తీసుకోకండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను తుపాకీ ఉన్న ఇంట్లో పుట్టి పెరిగాను.

మాది పాత కరీంనగర్ జిల్లాలో ఒక పల్లె. మా బాపు, అంటే మా నాన్న, పటేల్. పేరుకే పటేల్ గానీ పెద్ద భూస్వామి ఏం కాదు, చెరువు కింద కొంత తరి, గుట్ట పక్కన కొంత చెలక, అంతే. చెలక గట్టు దగ్గర పాలోళ్లతో, అంటే దాయాదులతో, పంచాయితీ ఉండేది. ఒకసారి అంగడి నుంచి వస్తుంటే చీకట్లో బాపును కట్టెలతో కొట్టి బాటపక్క పడేశారు. ఆ దెబ్బకు కలెక్టరేట్ చుట్టూ తిరిగి లైసెన్సు తెచ్చుకున్నాడు. హైదరాబాద్ పోయి పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ కొన్నాడు. అప్పటి నుంచి ఊరు దాటితే భుజానికి తుపాకీ ఉండాల్సిందే.

మొదట్లో మాకందరికీ గొప్పగా ఉండేది, పాలోళ్లు ఎదురుపడితే పక్కకు తప్పుకునేవాళ్లు. కానీ ఆ తుపాకీతో బతకడం ఎట్లుంటుందో బయటివాళ్లకు తెలియదు. పెళ్లికి పోతే బాపు తుపాకీని ఒళ్లో అడ్డం పెట్టుకుని బంతిలో కూర్చునేవాడు. ఎవరి చేతికీ ఇవ్వడానికి లేదు, గోడకు ఆనించి చెయ్యి కడుక్కోవడానికి పోవడానికి లేదు. పిల్లలం దగ్గరికి పోతే కసిరేవాడు. హోటల్లో చాయ తాగడానికి కూర్చుంటే అప్పటిదాకా నవ్వుకుంటూ మాట్లాడుకునేవాళ్లు ఒక్కొక్కరే బీడీ పారేసి లేచిపోయేవాళ్లు. ఊళ్లో ఎవరేమనుకుంటున్నారో అంతకుముందు అందరికంటే ముందు బాపుకే తెలిసేది. తుపాకీ వచ్చాక ఏ కబురూ తెలియడం మానేసింది. నన్నడిగితే మనిషికి పెద్ద రక్షణ అదే, నలుగురూ వచ్చి చెవిలో ఒక మాట వేయడం. అది పోయింది.

ఇక అసలు సంగతి. నక్సలైట్ల పార్టీ పీపుల్స్ వార్ మీద 1992లో నిషేధం వచ్చింది కదా, దానికి కొంచెం ముందు. ఎండాకాలం, అందరం వాకిట్లో మంచాలేసుకుని పడుకున్నాం. కళ్లు తెరిచేసరికి మంచాల చుట్టూ మనుషులు నిలబడి ఉన్నారు. ఒకాయన బాపు భుజం తట్టి మెల్లగా, "పటేలా, లే. భయం లేదు. మీ ఇంట్ల తుపాకి ఉన్నది, అది మాకు కావాలె" అన్నాడు. అరవలేదు, తిట్టలేదు. తుపాకీ ఆ సమయానికి బాపు పక్కనే, మంచం పట్టె కింద, గోనెపట్టాలో చుట్టి ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. చాపలేదు. చాపి ఉంటే ఇవాళ ఈ జవాబు రాయడానికి నేను ఉండేవాణ్ని కాదు, మా ఇద్దరు అక్కలూ ఉండేవాళ్లు కాదు.

తూటాలు లోపల సందుగలో ఉండేవి. మా అవ్వ, అంటే అమ్మ, కందిలి పట్టుకుని లోపలికి పోతే ఒక పిల్లగాడు వెంట పోయాడు. మీసాలు కూడా సరిగ్గా రాలేదు వాడికి. అవ్వ పెళ్లి చీర కింద నుంచి తూటాల డబ్బా తీసి ఇచ్చింది. వాడు అక్కడే గడప మీద కూర్చుని, కందిలి దగ్గరికి జరుపుకుని, ఒక్కొక్క తూటా అడుగున ఇత్తడి భాగాన్ని వేలితో రుద్ది చూసి, చిలుము పట్టినవి ఒక పక్కకు, మంచివి ఒక పక్కకు పెట్టాడు. చిలుము పట్టినవి మళ్లీ డబ్బాలో వేసి అవ్వకే ఇచ్చాడు. నీళ్లు అడిగి తాగారు. పోయారు.

తెల్లారి బాపు ఠాణాకు పోయాడు. పోకతప్పదు, లైసెన్సు ఆయుధం పోతే చెప్పకపోవడం నేరం. అక్కడ బల్ల మీద పొద్దంతా కూర్చోబెట్టారు. ఒకటే ప్రశ్న: "గుంజుకున్నరా, నువ్వే ఇచ్చినవా?" ఒక్క దెబ్బ కూడా తగలకుండా తుపాకీ ఎట్లా పోయిందని వాళ్ల అనుమానం. ఆ తర్వాత ఎప్పుడు ఏ ఘటన జరిగినా బాపుకు పిలుపు. మా తుపాకీ ఎక్కడ పేలుతుందో, ఎవరి మీద పేలుతుందో, దాని నంబరు మా ఇంటిని ఎక్కడ పట్టిస్తుందో అని అవ్వ ఏళ్ల తరబడి నిద్రపోలేదు. ఊళ్లో మాకంటే డబ్బున్న ఇళ్లు ఉన్నాయి, దళం వాటి గడప తొక్కలేదు. మా ఇంటికి వాళ్లను పిలుచుకొచ్చింది ఆ తుపాకీయే. ఉత్తర తెలంగాణలో ఆ రోజుల్లో లైసెన్సు తుపాకీలున్న ఎన్నో ఇళ్ల కథ ఇదే. తెలివైనవాళ్లు ముందే తీసుకుపోయి ఠాణాలో అప్పగించి వచ్చారు.

"అప్పుడు అన్నలు, ఇప్పుడు ఎవరున్నారు?" అంటారు. ఇప్పుడు దొంగలున్నారు. మీ నడుముకున్న రివాల్వరు దొంగకు మీ డబ్బు సంచి కంటే విలువైనది. లైసెన్సు మీద కొనే ముప్పై రెండు బోరు రివాల్వరు ధర మీరు కనుక్కునే ఉంటారు, దొంగ బజారులో దానికి గిరాకీ ఇంకా ఎక్కువ. మీ దగ్గర తుపాకీ ఉందని మీ డ్రైవరుకు తెలుస్తుంది, సైటు వాచ్‌మన్‌కు తెలుస్తుంది, వాళ్ల బామ్మర్దులకు తెలుస్తుంది. వెనక నుంచి వచ్చే బైకు మీద ఇద్దరుంటారు. మీరు కారు దిగి గేటు తీస్తున్నప్పుడు వస్తారు, మీకు చొక్కా ఎత్తి తీసే తీరిక ఎక్కడుంది? ఎదుటివాడు ఎప్పుడు రావాలో ముందే అనుకుని వస్తాడు. మీకు ఆ వీలు లేదు.

పోనీ తీశారు, పేల్చారు అనుకుందాం. ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉంది. వెనకటి ఐపీసీలో 96 నుంచి 106 దాకా సెక్షన్లు, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా. కానీ అందులోనే ఉంది, రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేయకూడదని. వాడు కత్తి చూపించాడా, మీద పడ్డాడా, పారిపోతుంటే వీపులో కాల్చారా అన్నది తేలేదాకా మీరు ఠాణాకు, కోర్టుకు తిరుగుతూనే ఉంటారు. మీ తూటా గురి తప్పి ఎదురింటి పిల్లగాడికి తగిలితే చెప్పేదేముంది.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. తుపాకీని వెంట తీసుకెళ్లడం సంగతి సరే, ఎక్కడ వదిలి వెళ్తారు? 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం బయటికి తీసుకెళ్తే హోల్‌స్టర్‌లో, బయటికి కనపడకుండా ఉండాలి. సరే. పిల్లల్ని తీసుకుని మాల్‌కు పోతే గేటు దగ్గరే ఆపుతారు. కోర్టుకు వాయిదాకు పోతే లోపలికి రానివ్వరు. తిరుమల పోతే అలిపిరి దగ్గరే తనిఖీ. విమానంలో వెంట పెట్టుకోనివ్వరు. మరి కుటుంబంతో బయటికి పోయినప్పుడు అది ఎక్కడుంటుంది? కారు డ్యాష్‌బోర్డులో. పార్కింగులో, అద్దం అవతల. లేదంటే ఇంట్లో, ఇద్దరు ఆడపిల్లలు తిరిగే ఇంట్లో, బీరువాలో. బీరువా తాళం ఎక్కడ పెడతారో ఆ పిల్లలకు తెలియదని అనుకోకండి. మా బాపు తాళంచెవి ఎక్కడ దాచేవాడో మా ముగ్గురికీ తెలుసు.

ఎన్నికల కోడ్ వచ్చిందంటే తుపాకీ డిపాజిట్ చెయ్యమని ఠాణా నుంచి కబురొస్తుంది. 2023 నవంబరులో అసెంబ్లీకి, 2024 మేలో లోక్‌సభకు పోలింగ్ జరిగింది. మధ్యలో ఆరు నెలలు కూడా లేవు. ఊళ్లల్లో గొడవలు ముదిరేది, చేతుల్లో డబ్బు ఆడేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆ రోజుల్లో మీ రక్షణ ఠాణా గదిలో చీటీ కట్టుకుని ఉంటుంది.

అసలు ఈ తుపాకీ మోజు మనవాళ్లకు రక్షణ కోసం పుట్టింది కాదని నా గట్టి నమ్మకం. వెనక గన్‌మెన్ ఉంటేనే నాయకుడు అనే రోగం ఉంది కదా, అది కిందిదాకా పాకింది. గన్‌మెన్ దొరకనివాడు లైసెన్సు కోసం తిరుగుతాడు. ఫంక్షన్ హాల్లో బరాత్ ముందు గాలిలోకి పేల్చే వీడియోలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పైకి పోయిన తూటా ఎక్కడో ఒకచోట దిగాలి కదా! 2019లో చట్టం సవరించి ఇట్లాంటి సంబరాల కాల్పులకు రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పెట్టారు, ఒక మనిషికి మూడు తుపాకీలు ఉండొచ్చన్నది రెండుకు తగ్గించారు. మంచి పని చేశారు. నన్నడిగితే ఆ రెండు కూడా ఎక్కువే.

రాయలసీమ చూడండి. ఫ్యాక్షన్ నాయకులకు తుపాకీలు లేకనా చచ్చారు? వచ్చేవాడు నాటుబాంబు విసిరి, ఆ పొగలో వేటకొడవలితో వస్తుంటే నడుముకున్న రివాల్వరు ఏం చేస్తుంది? పరిటాల రవిని 2005 జనవరిలో అనంతపురంలో పార్టీ ఆఫీసులోనే, చుట్టూ మనుషులుండగానే కాల్చి చంపారు. ఆయన కంటే ఎక్కువ జాగ్రత్తలు మీరు తీసుకోగలరా?

మా బామ్మర్ది టెక్సాస్‌లో ఉంటాడు. ఫోన్లో ఎప్పుడూ ఇదే లొల్లి, "బావా, ఇక్కడ 2021 సెప్టెంబరు నుంచి పర్మిట్ కూడా అక్కర్లేదు, ఎవరి రక్షణ వాళ్లదే" అని. అక్కడి బతుకు అక్కడిది. అయినా అక్కడున్న మన పిల్లలకు ఒక మాట: హెచ్1బీ వీసా మీదో చదువుకునే వీసా మీదో ఉన్నవాళ్లకు, వేట లైసెన్సు లాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్పితే, అక్కడి కేంద్ర చట్టం ప్రకారం తుపాకీ దగ్గర ఉండటమే నేరం. రాష్ట్రంలో పర్మిట్ అక్కర్లేదన్నారని ఎవరో చెప్పింది విని కొనుక్కుంటే పోయేది వీసా ఒక్కటే కాదు, జైలుకు పోతారు.

మళ్లీ మా బాపు దగ్గరికి వస్తాను. ఆ రాత్రి తర్వాత ఆయన ఇంకో తుపాకీ కొనలేదు. బంధువులు కొనమన్నారు, "మళ్లీ వస్తే ఎట్లా?" అన్నారు. "అది ఉన్నన్ని రోజులు దానికి నేనే కావలి ఉన్న. నాకు అదెప్పుడు కావలి ఉన్నది?" అన్నాడు. పాలోళ్లతో పంచాయితీ ఏమైందంటారా? సర్వేయర్‌ను పిలిపించి, గొలుసు పట్టించి, పెద్దమనుషుల ముందు హద్దురాళ్లు పాతించుకున్నారు. రెండు మూరలు అటు పోయింది, పోనిమ్మన్నాడు. ఆ తర్వాత బాపు ఎన్నో ఏళ్లు చేతిలో టార్చిలైటు తప్ప ఏమీ లేకుండా అదే బాటన చీకట్లో నడిచాడు, ఎవరూ ముట్టుకోలేదు.

మీ విషయంలో హద్దురాయి ఆ నగదే. మిమ్మల్ని వెంబడించినవాళ్లు మిమ్మల్ని చూసి రాలేదు, సంచిని చూసి వచ్చారు. స్థిరాస్తి లావాదేవీలో ఇరవై వేలు, ఆపైన నగదు తీసుకోవడం 2015 నుంచి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకుంటే తీసుకున్నంత జరిమానా. అంటే మీరు రాత్రిపూట ప్రాణం పణంగా పెట్టి మోస్తున్నది అసలు మోయకూడని డబ్బు. అడ్వాన్సు చెక్కు రూపంలోనో ఆర్టీజీఎస్‌లోనో తీసుకోండి. నగదే ఇస్తానని మొండికేసే కొనుగోలుదారును వదిలేయండి, ఇంకొకడు దొరుకుతాడు. మీ దగ్గర నగదు ఉండదన్న సంగతి డ్రైవరుకూ వాచ్‌మన్‌కూ తెలిసేలా నలుగురిలో నాలుగుసార్లు అనండి. సైటు నుంచి చీకటి పడకముందే బయల్దేరండి. వెంటపడిన ఆ బైకు గురించి ఠాణాలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి, సర్వీసు రోడ్డులో ఏ పెట్రోలు బంకు దగ్గర ఏ టైముకు దాటారో అందులో రాయండి, కెమెరాల్లో వెతకడానికి పనికొస్తుంది. మళ్లీ వెంటపడితే ఇంటివైపు తిరగకుండా నేరుగా వెలుతురు, జనం ఉన్న చోటికి పోనిచ్చి 112కు ఫోన్ చేయండి. లైసెన్సు కోసం ఇప్పటికే దరఖాస్తు ఇచ్చి ఉంటే ఎంక్వైరీకి రాకముందే వెనక్కి తీసుకోండి.