స్ట్రక్టా, టైప్‌డెఫా?

ప్రశ్న: మాది ఏళ్ల నాటి పెద్ద సీ భాష కోడ్. కొన్ని ఫైళ్లలో స్ట్రక్ట్ (కొన్ని ఫీల్డులను ఒక్కటిగా కట్టే టైపు) అని పూర్తిగా రాశారు, కొన్నింట్లో ప్రతిదానికీ టైప్‌డెఫ్ (టైపుకి ఇచ్చే మారుపేరు) పెట్టి పేరు చివర అండర్‌స్కోర్ టీ తగిలించారు. కొత్త మాడ్యూల్‌కి ఏది వాడాలో తేలక రివ్యూలో వారం నుంచి వాదనే. టైప్‌డెఫ్ అయితే కోడ్ నీట్‌గా ఉంటుందని మా సీనియర్‌గారు అంటారు, నాకేమో స్ట్రక్టే నయమనిపిస్తోంది. ఎవరిది కరెక్ట్?

జవాబు: చాలావరకు మీదే, పూర్తిగా కాదు. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగమైన కెర్నల్‌కి రాసిన కోడింగ్ స్టైల్ పత్రం స్ట్రక్ట్‌లకీ, డేటా మెమరీలో ఎక్కడుందో చూపించే పాయింటర్లకీ టైప్‌డెఫ్ పెట్టడం తప్పని మొహమాటం లేకుండా చెబుతుంది. కారణం కూడా న్యాయమైనదే. చదివేవాడికి అది చిన్న అంకో, పెద్ద స్ట్రక్టో, పాయింటరో చూడగానే తెలియాలి, ప్రతిసారీ టైపుల నిర్వచనాలుండే హెడర్ ఫైలు తెరిచి వెతుక్కునేలా ఉండకూడదు. పాయింటర్‌ని టైప్‌డెఫ్ వెనక దాస్తే ఇంకో చిక్కుంది, దాని ముందు మార్చకూడదని చెప్పే కాన్‌స్ట్ పెట్టామనుకోండి, మారకుండా ఉండేది పాయింటరే గానీ అది చూపించే డేటా కాదు, డేటాని ఎవరైనా మార్చేయొచ్చు, కంపైలర్ నోరెత్తదు. ఇది నాకు అసలు నచ్చని విషయం, కొత్త మాడ్యూల్లో దీన్ని మాత్రం రానివ్వకండి.

అలాగని టైప్‌డెఫ్ చెడ్డదేం కాదు. అదే కెర్నల్‌లో పేజీ టేబుల్ (మెమరీ చిరునామాల పట్టిక) ఎంట్రీకి పీటీఈ టీ అనే టైపు ఉంది, ఎందుకంటే లోపలి రూపం ఒక్కో ప్రాసెసర్‌కి ఒక్కోలా ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ నేరుగా ముట్టుకోకూడదు, ఫంక్షన్ల ద్వారానే చూడాలి. యూజర్ ఐడీకి వాడే కేయూఐడీ టీ చూడండి, లోపల ఉన్నది ఒక్క అంకే అయినా స్ట్రక్ట్‌లో చుట్టారు. ఉత్త అంకెకి టైప్‌డెఫ్ పెడితే సీ దాన్ని కొత్త టైపుగా లెక్కచేయదు, స్ట్రక్ట్‌లో చుడితే మామూలు అంకెతో కలిపేసిన చోట కంపైలరే ఆపుతుంది.

చివర టీ సంగతికొస్తే, ఆ తోకతో ముగిసే పేర్లను యూనిక్స్ తరహా సిస్టమ్‌ల కోసం రాసిన పోసిక్స్ ప్రమాణం సిస్టమ్ కోసం కేటాయించుకుంది, మీ కోడ్ యూనిక్స్ మీద నడిచేదైతే ఏదో ఒకరోజు సిస్టమ్ హెడర్‌తో పేరు ఢీకొనొచ్చు. సైజును పేరులో ఇరికించడమూ వద్దు. విండోస్‌లో డబ్ల్యూపారమ్ అనే టైపు పేరులోని డబ్ల్యూ అంటే వర్డ్, 16 బిట్ల కాలంలో పెట్టిన పేరు. ఇప్పుడు 64 బిట్ విండోస్‌లో అది 64 బిట్లు, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

కాబట్టి రివ్యూలో మీ సీనియర్‌గారిని ఒక్కటే అడగండి, ఈ టైపు లోపలి ఫీల్డులను మాడ్యూల్ బయటివాళ్లు నేరుగా వాడతారా అని. వాడితే స్ట్రక్ట్ అనే రాయండి, వాడకూడదంటే ఆయన చెప్పినట్టు టైప్‌డెఫ్ పెట్టండి. పాత ఫైళ్లను మాత్రం పేర్ల కోసం కదపకండి, ఊరికే వేల లైన్లు మార్చేస్తే ఏ లైను ఎవరు, ఎందుకు రాశారో గిట్ బ్లేమ్‌లో వెతకడం నరకమవుతుంది. వాటిలో ఇప్పటికే ఏ పద్ధతి ఉందో అదే పాటించండి.