రిలీజ్ కలిపాక సంతకాలు పోతున్నాయి

ప్రశ్న: మా టీమ్‌లో గిట్‌లో ప్రతి కమిట్‌కీ (సేవ్ చేసిన ఒక్కో మార్పుకీ) జీపీజీ సంతకం (ఎవరు చేశారో నిరూపించే డిజిటల్ సంతకం) ఉంటుంది. రిలీజ్ బ్రాంచిని గిట్‌హబ్‌లో 'రీబేస్ అండ్ మెర్జ్' నొక్కి మెయిన్ బ్రాంచిలో కలిపితే 'వెరిఫైడ్' గుర్తు మాయమవుతోంది. ఎందుకండీ?

జవాబు: సంతకం ఒక్క కోడ్ మీదే కాదండీ, పేరెంట్ కమిట్ (దాని ముందున్నది), రచయిత, కమిటర్ (ఆ కమిట్‌ను చేర్చినవారు), తేదీలు, సందేశం అన్నిటి మీదా పడుతుంది. రీబేస్‌లో, అంటే కమిట్లను మెయిన్ చివర మళ్లీ పేర్చడంలో, వీటిలో కొన్ని మారి కొత్త కమిట్ పుడుతుంది. మీ ప్రైవేట్ కీ గిట్‌హబ్ దగ్గర ఉండదు కనుక ఆ కొత్త కమిట్‌పై మీ సంతకం పెట్టడం దానికి కుదరదు. 'స్క్వాష్' చేసినా (అన్నిటినీ ఒకే కమిట్‌గా కుదించినా) పాత కమిట్లు మెయిన్‌లోకి రావు. కొత్తదానిపై ఉండేది గిట్‌హబ్ సంతకం.

'క్రియేట్ ఎ మెర్జ్ కమిట్' వాడండి, పాత కమిట్లు హ్యాష్‌తో (కమిట్ గుర్తింపు కోడ్‌తో) సహా అలాగే వస్తాయి. మెర్జ్ కమిట్ (రెండు బ్రాంచిలను కలిపే కమిట్) మీదా మీ సంతకమే కావాలంటే మీ మెషిన్‌లోనే 'గిట్ మెర్జ్ --నో-ఎఫ్ఎఫ్ -ఎస్' (git merge --no-ff -S) అని, తర్వాత బ్రాంచి పేరు ఇచ్చి పుష్ చేయండి. ఆ ఎస్ పెద్ద అక్షరమే ఉండాలి! చిన్నది (s) వేస్తే మెర్జ్ స్ట్రాటజీ (కలిపే పద్ధతి) అనుకుంటుంది.

'లీనియర్ హిస్టరీ' నిబంధన (కమిట్లు ఒకే వరుసలో ఉండాలని) ఉంటే మెర్జ్ కమిట్ కుదరదు. అప్పుడు '--ఎఫ్ఎఫ్-ఓన్లీ' (మెర్జ్ కమిట్ లేకుండా మెయిన్‌ను ముందుకు జరపడం) మేలు. కానీ మెయిన్ ముందుకు జరిగిపోయి ఉంటే ఆగిపోతుంది. అప్పుడు ఎవరి కమిట్లు వారే రీబేస్ చేసి మళ్లీ సంతకం పెట్టాలి. అందరివీ ఒకరే చేస్తే అన్నిటి మీదా ఆ ఒక్కరి సంతకమే పడుతుంది, అది సరికాదు.

పుష్‌కి ముందు 'గిట్ లాగ్ --షో-సిగ్నేచర్' తప్పక చూడండి.