20 కంప్యూటర్లలో థండర్‌బర్డ్ ఒక్కొక్కటీ చేత్తో సెట్ చేయాలా? మా ఆఫీసులో ఎలా చేశామంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: నెల్లూరు దగ్గర రొయ్యల ఎగుమతి ఆఫీసు, 20 సిస్టమ్‌లు, అన్నిట్లో మెయిల్ చూసుకునే థండర్‌బర్డ్ ప్రోగ్రాం, అన్నీ పాప్ అకౌంట్లు (అంటే మెయిల్‌ను సర్వర్ నుంచి ఒక్కో కంప్యూటర్లోకి దించుకునే పద్ధతి). మనిషి మానేస్తే అతని మెయిల్స్ దొరకవు, కొత్తవాళ్లు వస్తే సెట్టింగులన్నీ మళ్లీ మొదట్నించీ కొట్టాలి. అంతా ఒకచోట నుంచి చూసుకునే దారి ఉందా అని. ఉంది. కానీ ముందు ఆ పాప్ వదిలించుకోండి. అది ఉన్నన్నాళ్లూ మిగతాది ఎంత చేసినా వృథా.

నేను ఒంగోలులో గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో సిస్టమ్స్ చూస్తాను. మా యార్డు చీమకుర్తిలో. అక్కడ డాక్యుమెంట్లు చూసే అన్న కంప్యూటర్లోనే ఐదేళ్ల మెయిల్స్ ఉండేవి. దించుకోగానే సర్వర్‌లో చెరిగిపోయేలా ఎవరో ఎప్పుడో పెట్టి పోయారు. ఒకరోజు పొద్దున్నే ఫోను: "సిస్టం ఆన్ చేస్తే లోపల టక్ టక్‌మంటా ఉందబ్బా, విండోస్ రావట్లా. మధ్యాహ్నంలోపు బిల్ ఆఫ్ లేడింగ్ డ్రాఫ్టు చూసి చెన్నై ఏజెంటుకి ఓకే చెప్పాలి." వెళ్లి కేబినెట్ మూత తీస్తే ఫ్యాను రెక్కల మీద రాతిపొడి, వేలితో గీస్తే గీత పడేంత మందాన పేరుకుని ఉంది. హార్డ్ డిస్క్ పోయింది. ఆ బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడలో సరుకు ఎక్కించినందుకు ఇచ్చే కాగితం) డ్రాఫ్టు ఏజెంటు మళ్లీ పంపాడు కాబట్టి ఆ పూట గడిచింది. పాత పార్టీలతో రేట్ల మీద, స్లాబుల సైజుల మీద నడిచిన మెయిల్స్ మాత్రం పోయినవి పోయినట్టే. ఆ అన్న చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

అందుకే ఐమ్యాప్. మెయిల్ సర్వర్లోనే ఉంటుంది, కంప్యూటర్లో ఉండేది నకలు. సెట్టింగుల్లో మెయిల్ రావడానికి పోర్టు (సర్వర్‌తో కలిసే దారి నంబరు) 993, ఎస్‌ఎస్‌ఎల్ (దారిలో ఎవరూ చదవకుండా కాపాడే పద్ధతి). పంపడానికి 587 స్టార్ట్‌టీఎల్‌ఎస్ (అలాంటిదే ఇంకో పద్ధతి) లేదా 465 ఎస్‌ఎస్‌ఎల్, మీ మెయిల్ సర్వర్ నడిపే హోస్టింగ్ వాళ్లు ఏది ఇస్తే అది. ఉన్న పాప్ అకౌంటును థండర్‌బర్డ్ ఐమ్యాప్‌గా మార్చనివ్వదు. పక్కనే అదే అడ్రసుతో ఐమ్యాప్ అకౌంటు కొత్తగా చేర్చి, పాప్‌లో ఆటోమేటిక్‌గా మెయిల్ చూసే టిక్కులు తీసేసి, పాత మెయిల్స్‌ను అందులోకి కాపీ చేయండి. మూవ్ వద్దు, కాపీనే. సర్వర్లో చోటు ఎంతుందో ముందే చూసుకుని ఏడాదికో ఫోల్డరు చొప్పున పంపండి. రెండు పక్కలా మెయిల్స్ లెక్క సరిపోయాకే పాతది తీయాలి. మాకు ఈ పనికే ఎక్కువ రోజులు పట్టింది, తొందరపడితే కుదరదు.

ఇక చేత్తో కొట్టే బాధ. సర్వర్ పేరు, పోర్టులు రాసిన చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైలు (ట్యాగులతో రాసే మామూలు టెక్స్ట్ ఫైలు) ఒకటి తయారుచేసి, మీ వెబ్‌సైటు పేరు ముందు ఆటోకాన్ఫిగ్ అని చేర్చిన సబ్‌డొమైన్‌లో మెయిల్ అనే ఫోల్డర్ కింద పెడితే, పేరు, అడ్రసు, పాస్‌వర్డ్ ఇవ్వగానే మిగతాది థండర్‌బర్డే నింపుకుంటుంది. వెబ్‌సైటు మీ చేతిలో లేకపోతే అదే ఫైలుకు మీ డొమైన్ పేరు పెట్టి, థండర్‌బర్డ్ ఇన్‌స్టాల్ అయిన చోట ఐఎస్‌పీ అనే ఫోల్డర్లో వేయండి. ఇది కొత్త అకౌంట్లకే పనిచేస్తుంది, ఉన్నవాటిని మార్చదు.

యాడ్-ఆన్లు, అప్‌డేట్లు కట్టడి చేయాలంటే థండర్‌బర్డ్ ఇన్‌స్టాల్ అయిన ఆ చోటే డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డరు చేసి, మీ నియమాలు రాసిన పాలసీస్ డాట్ జేసన్ ఫైలు పెట్టండి. థండర్‌బర్డ్ 68వ వెర్షన్ నుంచి ఇది ఉంది. ఒక్క కామా తప్పినా ఫైలు మొత్తం పనిచేయదు. హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ పేజీ తెరిస్తే ఎంటర్‌ప్రైజ్ పాలసీస్ ఎదురుగా యాక్టివ్ అని రావాలి.

మనిషి మానేస్తే ఏం చేయాలన్నారు. మేం బయటి పార్టీలకు మనుషుల పేర్లతో అడ్రసులు ఇవ్వడం మానేశాం. డాక్స్, అకౌంట్స్, సేల్స్ అని పనిపేరుతోనే ఉంటాయి. మనిషి వెళ్లిన రోజే సర్వర్లో పాస్‌వర్డ్ మారుస్తాం. అకౌంటు తీసేయం, దాంట్లో మెయిల్స్ తర్వాతి మనిషికి కావాలి. ఇంకోటి, థండర్‌బర్డ్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డులు ఆ సీట్లో కూర్చున్న ఎవరైనా సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూడొచ్చు. అవి చూడాలంటే ముందు అడిగే ప్రైమరీ పాస్‌వర్డ్ తప్పకుండా పెట్టండి.

ఐమ్యాప్ ఉంది కదా అని బ్యాకప్ మానొద్దు. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లాడు ఫోన్లో చోటు చాలట్లేదని సెంట్ ఫోల్డరు ఖాళీ చేశాడు. అది సర్వర్లోనూ పోయింది, అందరి కంప్యూటర్లలోనూ పోయింది. అప్పటినుంచి ప్రతి శనివారం ఒక సిస్టమ్‌లో థండర్‌బర్డ్ మూసేసి, దాని ప్రొఫైల్ ఫోల్డరును (మెయిల్స్, సెట్టింగులు ఉండేది) తేదీ వేసి బయటి డిస్కులోకి తీస్తున్నాం. పాత తేదీవి నాలుగైనా ఉంచుతాం. ఆ సిస్టమ్‌లో అన్ని ఫోల్డర్లూ ఆఫ్‌లైన్‌లో ఉండేలా టిక్కు పెట్టండి, లేకపోతే మెయిల్స్ పూర్తిగా రావు.

ఎక్స్‌ఎంఎల్ దగ్గర ఎక్కడైనా ఆగిపోతే మీ హోస్టింగ్ వాళ్లు ఇచ్చిన సెట్టింగులు, వచ్చిన ఎర్రరు ఇక్కడే రాయండి, పాస్‌వర్డు మాత్రం పెట్టకండి. చూసి చెప్తాను.