టెక్ సందేహాలు: బస్సు యాప్ తెరవగానే ఏం కనిపించాలి?

సందేహం: మేం నలుగురం కలిసి సిటీ బస్సు ప్రయాణికుల కోసం మొబైల్ యాప్ తయారుచేస్తున్నాం. ఇది మా కాలేజీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు. తెరవగానే లాగిన్, తర్వాత మ్యాప్ మీద కదిలే బస్సులు, కింద టికెట్లు, పాసులు, నోటిఫికేషన్లు వచ్చేలా డిజైన్ గీశాం. చూసినవాళ్లంతా బాగుందంటున్నారు. మా గైడ్ మాత్రం 'బస్సు కోసం నిలబడ్డవాళ్లకి ఇది పనికిరాదు' అన్నారు. ఎక్కడ మార్చాలి?

జవాబు: మీ గైడ్ మాటే నిజం. ఈ యాప్‌ని ఎవరు, ఎక్కడ, ఏ పరిస్థితిలో తెరుస్తారో ఆలోచించండి. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో ఫోన్, స్క్రీన్ మీద ఎండ. చూపు కాసేపు ఫోన్ మీద, కాసేపు రోడ్డు మీద. ఆ మనిషికి కావాల్సింది ఒక్కటే: నేనెక్కే బస్సు ఇంకా ఎంతసేపట్లో వస్తుంది? కదిలే బస్సుల మ్యాప్ ముచ్చటగానే ఉంటుంది. కానీ దాంట్లో జవాబు దొరకాలంటే రెండు వేళ్లతో మ్యాప్ పెద్దది చేసుకోవాలి, తన స్టాప్ వెతుక్కోవాలి, ఆ బస్సు ఇటు వస్తోందా అటు పోతోందా పోల్చుకోవాలి, చివరికి దూరాన్ని నిమిషాల్లోకి తనే మార్చుకోవాలి. ఆ లెక్కలన్నీ యాప్ చేయాల్సిన పని.

అందుకే హోమ్ స్క్రీన్ మీద దగ్గర్లోని స్టాప్ పేరు, దాని కింద రాబోయే బస్సుల జాబితా పెట్టండి. ఒక్కో వరుసలో రూట్ నంబర్ బాగా పెద్దగా, పక్కన బస్సు చివరికి చేరే చోటు, కుడివైపు నిమిషాలు. నంబర్ ఎందుకు పెద్దగా ఉండాలంటే చదవడం రానివాళ్లు కూడా తాము ఎక్కే బస్సు నంబర్‌ని గుర్తుపడతారు. మ్యాప్‌ని తీసేయక్కర్లేదు, ఒక ట్యాప్ దూరంలో ఉంచండి.

చాలా డిజైన్లు దెబ్బతినేది దిక్కు దగ్గర. రోడ్డుకి ఇటూ అటూ ఒకే పేరుతో రెండు స్టాప్‌లుంటాయి. యాప్‌లో రెండూ ఒకేలా కనిపిస్తే, కొత్తవాళ్లు ఎదురువైపు నిలబడి తమ బస్సు కళ్లముందే వెళ్లిపోతుంటే చూస్తూ ఉండిపోతారు. జీపీఎస్ ఇక్కడ ఆదుకోదు. ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఫోన్ చూపే లొకేషన్‌లో 5 మీటర్ల తేడా మామూలే, ఎత్తైన భవనాల మధ్య అది ఇంకా పెరుగుతుంది. రోడ్డుకి ఏ పక్కన నిలబడ్డారో ఫోన్ నమ్మకంగా చెప్పలేదు. కాబట్టి ఒక స్టాప్‌ని మీరే ఎంచేసి చూపించకుండా, రెండింటినీ పక్కపక్కనే పెట్టి 'రైల్వే స్టేషన్ వైపు', 'ఆస్పత్రి వైపు' అని రాయండి. ప్రయాణికులే ఒకటి నొక్కుతారు. మళ్లీ యాప్ తెరిచినప్పుడు అదే ముందు రావాలి. రోజూ తిరిగేవాళ్లు వాడేది రెండు మూడు రూట్లే. 'ఎక్కడి నుంచి, ఎక్కడికి' అని అడిగే పెట్టెలు కొత్త చోటికి వెళ్లేవాళ్లకి అవసరమే గానీ, రోజువారీ ప్రయాణికులకి అడ్డం.

లాగిన్ తీసేయండి. బస్సు టైమ్ చూడ్డానికి ఫోన్ నంబర్, ఓటీపీ అడగడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. డబ్బు చెల్లించి టికెట్ కొనేటప్పుడు అడిగితే చాలు.

ఇక కొలతలు. నొక్కే చోటు ఆండ్రాయిడ్‌లో కనీసం 48 డీపీ, ఐఫోన్‌లో 44 పాయింట్లు (రెండూ స్క్రీన్ మీద సైజు కొలిచే ప్రమాణాలు) ఉండాలని ఆ కంపెనీల మార్గదర్శకాలే చెబుతున్నాయి. కదిలే బస్సులో బొటనవేలితో నొక్కేవాళ్లకి అంతకన్నా పెద్దగా ఉన్నా నష్టం లేదు. మామూలు సైజు అక్షరాలకి, వెనకున్న రంగుకి మధ్య కాంట్రాస్ట్ (వెలుతురులో తేడా) 4.5:1కి తగ్గకూడదు. లేత బూడిద రంగు అక్షరాలు మీ ల్యాప్‌టాప్ మీద అందంగానే ఉంటాయి, ఎండలో మాత్రం కనిపించవు. ఆలస్యాన్ని ఎరుపుతో, సమయానికి రావడాన్ని ఆకుపచ్చతో మాత్రమే చూపిస్తే ఆ రెండు రంగుల తేడా తెలియనివాళ్లకి ఏమీ అర్థం కాదు. పక్కన మాట కూడా రాయండి.

కోడింగ్ మొదలెట్టకముందే ఈ స్క్రీన్లను కాగితం మీద గీసి ఒక బస్ స్టాప్‌కి తీసుకెళ్లండి. పొద్దున రద్దీలో ఒకసారి, రాత్రి చివరి బస్సుల వేళ ఒకసారి. 'ఇది చూసి మీ బస్సు ఎప్పుడొస్తుందో చెప్పండి' అని మాత్రమే అడగండి. మీరు వివరించడం మొదలుపెట్టారంటే ఆ స్క్రీన్‌ని మార్చాలన్నమాట.

సందేహం: అదే ప్రాజెక్టు గురించి ఇంకో ప్రశ్న. బస్సుల సమాచారం ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలి? టైమ్‌టేబుల్‌ని మేమే టైప్ చేసుకోవాలా?

జవాబు: ముందు మీ రవాణా సంస్థ జీటీఎఫ్ఎస్ (జనరల్ ట్రాన్సిట్ ఫీడ్ స్పెసిఫికేషన్) ఫీడ్, అంటే స్టాప్‌లు, రూట్లు, సమయాలను యాప్‌లు చదవగలిగేలా ఒకే తీరులో రాసిన ఫైళ్లు, ఇస్తోందేమో చూడండి. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి తమ అవసరానికి తయారుచేసుకున్న పద్ధతి ఇది. మొదట్లో పేరులో గూగుల్ ఉండేది. ఎన్నో సంస్థలు వాడటం మొదలెట్టాక దాని స్థానంలో 'జనరల్' అన్న మాట వచ్చింది. లోపల కొత్త టెక్నాలజీ ఏమీ లేదు. ఒక జిప్ ఫైల్, అందులో కామాలతో విడగొట్టిన మామూలు టెక్స్ట్ ఫైళ్లు. స్టాప్‌లకి ఒకటి, రూట్లకి ఒకటి, ట్రిప్పులకి ఒకటి, ఏ ట్రిప్పు ఏ స్టాప్‌కి ఎన్నింటికి చేరుతుందో చెప్పేది ఒకటి, ఏయే రోజుల్లో తిరుగుతుందో చెప్పేది ఒకటి. స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి చూడొచ్చు. ఇంత సాదాగా ఉండటం వల్లే చిన్న సంస్థలు కూడా దీన్ని తయారుచేయగలుగుతున్నాయి.

అర్ధరాత్రి దాటే ట్రిప్పుల దగ్గర జాగ్రత్త. రాత్రి 11:50కి బయల్దేరిన బస్సు ఒంటి గంటకి చేరితే ఫైల్లో 25:00:00 అని ఉంటుంది. అది తప్పు కాదు, ఆ ట్రిప్పు ముందు రోజు సర్వీసులో భాగమని అర్థం. మీ ప్రోగ్రామ్ దాన్ని పొరపాటు సమయమనుకుని వదిలేస్తే ఆఖరి బస్సులే జాబితాలోంచి పోతాయి. యాప్ మీద ఎక్కువ ఆధారపడేది ఆ వేళలోనే.

బస్సు ఇప్పుడు ఎక్కడుందో చెప్పేది 2011లో వచ్చిన జీటీఎఫ్ఎస్ రియల్‌టైమ్. ట్రిప్పుల్లో మార్పులు, వాహనాల స్థానం, సర్వీసు హెచ్చరికలు అందులో వస్తాయి. ఇది టెక్స్ట్ కాదు, ప్రోటోకాల్ బఫర్స్ అనే, ప్రోగ్రామ్‌లు మాత్రమే చదవగలిగే రూపంలో ఉంటుంది. ఫోన్ నుంచి నేరుగా ఆ ఫీడ్ మొత్తాన్ని లాగకండి. మీ సర్వర్ దాన్ని చదివి, అడిగిన స్టాప్‌కి కావాల్సిన నాలుగు వరుసలు మాత్రం పంపాలి. టైమ్‌టేబుల్‌ని ఫోన్‌లోనే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో దాచిపెట్టండి. సిగ్నల్ లేకపోయినా కనీసం షెడ్యూల్ కనిపిస్తుంది.

ఫీడ్ లేకపోతే సంస్థకి రాతపూర్వకంగా అడగండి. ఈలోపు ఒకే ఒక్క రూట్ తీసుకుని, దాని స్టాప్‌లన్నీ తిరిగి చూసి, ఫైళ్లు మీరే రాయండి. సగం తప్పులతో నగరం మొత్తం చూపించే ప్రాజెక్టు కన్నా ఒక్క రూట్‌ని సరిగ్గా చూపించేదే నాకు గొప్పగా కనిపిస్తుంది. బస్సు మారే దారులు చూపించాలనుకుంటే అల్గారిదమ్ మొదటి నుంచి రాయకుండా ఓపెన్ ట్రిప్ ప్లానర్ అనే దారి వెతికే సాఫ్ట్‌వేర్ వాడుకోండి, అది ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్‌ని ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు.

సందేహం: నేను ఉద్యోగానికి రోజూ బస్సులోనే వెళ్తాను. యాప్ 3 నిమిషాలు అంటుంది, పది నిమిషాలైనా బస్సు రాదు. ఒక్కోసారి 'వచ్చేసింది' అని చూపించి జాబితాలోంచి మాయమైపోతుంది. రోడ్డు మీద ఏ బస్సూ ఉండదు. ఎందుకిలా?

జవాబు: దీనికి కారణాలు మూడు నాలుగున్నాయి, అన్నీ తెర మీద ఒకేలా కనిపించడమే సమస్య.

బస్సులోని జీపీఎస్ పరికరం కొన్ని సెకన్లకోసారి తన స్థానాన్ని పంపుతుంది. సర్వర్ దాన్ని రూట్ మీదకి సరిచేసి, గతంలో ఆ దారిలో పట్టిన సమయాన్ని బట్టి మీ స్టాప్‌కి ఎంతసేపు పడుతుందో అంచనా వేస్తుంది. పరికరం పంపడం ఆగిపోతే చివరిసారి తెలిసిన స్థానమే మిగులుతుంది. కొన్ని యాప్‌లు ఆ పాత అంచనా మీదే నిమిషాలు తగ్గించుకుంటూ పోతాయి. 3, 2, 1 అని తగ్గి 'వచ్చేసింది' అంటాయి. బస్సు మాత్రం ఎక్కడో ట్రాఫిక్‌లో ఉంటుంది. ఇంకో సందర్భంలో ఆ ట్రిప్పే రద్దయి ఉంటుంది, కానీ ఆ కబురు ఫీడ్‌లోకి రాలేదు కాబట్టి యాప్ టైమ్‌టేబుల్‌ని పట్టుకుని వేలాడుతుంది. బస్సు బయల్దేరే మొదటి స్టాప్ దగ్గర అంచనా మరీ కష్టం. బస్సు అక్కడే నిలబడి ఉంటుంది, ఎప్పుడు కదులుతుందో జీపీఎస్‌కి తెలియదు.

మీరు చేయగలిగింది ఒకటుంది. ఆ సమయం లైవ్ సమాచారమా, షెడ్యూలా అనేది చూడండి. చాలా యాప్‌లలో లైవ్ సమయం పక్కన తరంగాల్లాంటి చిన్న గుర్తు ఉంటుంది. అది లేకపోతే ఆ బస్సు రావడం మీద గట్టి నమ్మకం పెట్టుకోకండి.

పైన రాసిన విద్యార్థులు కూడా ఈ జవాబు చదవాలి. రియల్‌టైమ్ ఫీడ్‌ని కనీసం 30 సెకన్లకోసారి తాజా చేయాలని, వాహనాల స్థానం 90 సెకన్ల కన్నా పాతది కాకూడదని జీటీఎఫ్ఎస్ సిఫార్సు చేస్తోంది. అంతకు మించి పాతబడితే ఆ సంగతి దాచకండి. '4 నిమిషాల కిందటి సమాచారం' అని రాయండి, లేదా లైవ్ గుర్తు తీసేసి షెడ్యూల్ సమయానికి మారండి. దూరంగా ఉన్న బస్సుకి '27 నిమిషాలు' అనే బదులు '25–30' అనండి. రెండు రకాల తప్పుల్లో ఒకటి ఎక్కువ బాధపెడుతుందని కూడా గుర్తుంచుకోండి. బస్సు చెప్పినదానికన్నా ఆలస్యంగా వస్తే ప్రయాణికులు ఇంకాసేపు నిలబడతారు. ముందే వచ్చి వెళ్లిపోతే బస్సే తప్పిపోతుంది. అంచనా వేసేటప్పుడు ఆ రెండో తప్పు తక్కువయ్యేలా చూసుకోండి.

ఇంత పట్టింపు ఎందుకంటే ఎదురుచూపులో అసలు టెన్షన్ తెలియకపోవడం వల్ల వస్తుంది. అమెరికాలోని సియాటిల్‌లో వన్‌బస్‌అవే అనే యాప్ వాడేవాళ్ల మీద ఒక పరిశోధన జరిగింది, 2011లో ప్రచురించారు. లైవ్ సమాచారం లేనివాళ్లకి తాము నిజంగా ఎదురుచూసినదానికన్నా ఎక్కువసేపు నిలబడ్డట్టు అనిపించింది. యాప్ చూసుకున్నవాళ్లకి అలా అనిపించలేదు. నిమిషాలు తప్పని రెండుసార్లు తేలితే ఆ నిశ్చింత పోతుంది, మూడోసారి యాప్ తెరవరు.

సందేహం: దిగాల్సిన స్టాప్ రాగానే అలారం కొట్టే సదుపాయం ఉందని ఒక బస్సు యాప్ వేసుకున్నాను. లొకేషన్‌ని 'ఎల్లప్పుడూ అనుమతించు' అని పెట్టమంటోంది. ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వకండి. దగ్గరి స్టాప్‌లు చూపించడానికి 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' చాలు. ఆండ్రాయిడ్ 12, ఐఓఎస్ 14 నుంచి సుమారు లొకేషన్ మాత్రమే ఇచ్చే వీలు కూడా ఉంది. కానీ దిగే అలారానికి ఖచ్చితమైన లొకేషన్ కావాలి, దాన్ని ఆన్‌లో ఉంచండి.

యాప్ తెరిచి ఉన్నప్పుడే ప్రయాణం మొదలెట్టి, పైన నోటిఫికేషన్ కనిపిస్తూ ఉండేలా తయారుచేస్తే, 'వాడుతున్నప్పుడు మాత్రమే' అన్న అనుమతితోనే అలారం పనిచేస్తుంది. ప్రయాణం అయిపోగానే ఆగిపోతుంది. రోజంతా మీ కదలికలు రికార్డయితే మీ ఇల్లు, ఆఫీసు, మీరు వెళ్లే ఆస్పత్రి అన్నీ తెలిసిపోతాయి. దిగే స్టాప్ చెప్పడానికి అవేవీ అక్కర్లేదు. బ్యాటరీ గురించి కూడా భయం వద్దు. మంచి యాప్ దూరంగా ఉన్నంతసేపు అప్పుడప్పుడు, దగ్గరపడ్డాక తరచూ లొకేషన్ చూస్తుంది. అలారం దిగే స్టాప్‌లో కాకుండా ఒక స్టాప్ ముందు మోగేలా పెట్టుకోండి. నిండుగా ఉన్న బస్సులో తలుపు దాకా రావడానికి ఆ టైమ్ పడుతుంది.

సందేహం: నాకు చూపు లేదు, ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ వాడతాను. బస్సు యాప్‌లో చాలాచోట్ల 'పేరులేని బటన్' అనే వినిపిస్తోంది. పైగా జాబితా తాజా అయినప్పుడల్లా చదవడం మధ్యలో ఆగిపోతుంది. నేనేమైనా చేయగలనా?

జవాబు: పేరులేని బటన్లకి మీరే పేరు పెట్టుకోవచ్చు. ఆ బటన్ మీద ఉన్నప్పుడు టాక్‌బ్యాక్ మెనూ తెరిస్తే చాలా సందర్భాల్లో లేబుల్ చేర్చే ఎంపిక కనిపిస్తుంది. అయితే ఆ పేరు మీ ఫోన్ వరకే, మిగతావాళ్లకి ఆ ఇబ్బంది అలాగే ఉంటుంది. మధ్యలో ఆగిపోవడం మాత్రం డెవలపర్ సరిచేయాల్సిందే. జాబితా మొత్తాన్ని మళ్లీ గీయకుండా మారిన నిమిషాలను మాత్రమే మార్చాలి, మీరు వింటున్న వరుసను కదపకూడదు. రూట్ నంబర్, చేరే చోటు, నిమిషాలు మూడు ముక్కలుగా కాకుండా ఒకే వాక్యంలా వినిపించాలి. ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీలో డెవలపర్ ఈమెయిల్ ఉంటుంది. ఏ స్క్రీన్‌లో, ఏ బటన్ దగ్గర, ఏం వినిపించిందో స్క్రీన్ రికార్డింగ్‌తో సహా పంపండి. అది ఉంటే వాళ్లు సమస్యను వెతుక్కోనక్కర్లేదు, నేరుగా సరిచేయొచ్చు.