చౌక విమానంలో తెల్లవారుజామున కౌలాలంపూర్ దిగితే, హోటల్ గది చేతికొచ్చే దాకా ఏం చేయాలి?

అరవై దాటిన అమ్మానాన్నలతో హైదరాబాద్ నుంచి చౌక విమానంలో కౌలాలంపూర్ వెళ్తున్నామనీ, విమానం రాత్రి బయలుదేరి తెల్లవారుజామున దిగుతుందనీ, హోటల్ వాళ్ళేమో మధ్యాహ్నం మూడు గంటలకు గానీ గది ఇవ్వమంటున్నారనీ మీరు రాశారు. మా అమ్మానాన్నలను నేనూ ఇలాంటి విమానంలోనే తీసుకువెళ్ళాను కాబట్టి నా సలహా ముందే చెప్పేస్తాను: గదిని ముందు రోజు తేదీ నుంచే బుక్ చేయండి. టికెట్టు మీద మిగిలిన డబ్బులో కొంత ఎక్కడైనా పెట్టదలచుకుంటే అది ఈ ఒక్క రాత్రి అద్దెకే పెట్టాలన్నది నా అభిప్రాయం.

ప్రయాణం నాలుగు గంటల పైచిలుకే అయినా అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఉదయం ఆరున్నర అయినప్పుడు మన ఒంటికి ఇంకా తెల్లవారుజామున నాలుగే. చౌక విమానంలో కుర్చీ పెద్దగా వాలదు, దుప్పటి ఇవ్వరు, కాబట్టి పెద్దవాళ్ళకు ఆ రాత్రి నిద్ర ఉండదనే అనుకోండి. ఇమ్మిగ్రేషన్ దాటి ఊళ్ళోకి చేరేసరికి తొమ్మిదవుతుంది. అక్కడి నుంచి మూడింటి దాకా హోటల్ సోఫాలో మోకాళ్ళు పట్టుకుని కూర్చోవడమంటే మొదటి రోజంతా పోయినట్లే. అయితే ముందు రోజు నుంచి బుక్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. మీరు మరుసటి ఉదయం వస్తారని హోటల్‌కు రాసి, వాళ్ళ జవాబు తెప్పించుకుని దాచుకోవాలి; లేకపోతే రాత్రి మీరు రాలేదన్న లెక్కలో మొత్తం బుకింగే రద్దు చేసే ప్రమాదం ఉంది. మేము అలా రాసి వెళ్ళడం వల్ల తాళం వెంటనే చేతిలో పెట్టారు, అమ్మానాన్నలు స్నానం చేసి మధ్యాహ్నం దాకా నిద్రపోయారు.

అంత ఖర్చు వద్దనుకుంటే సామాను హోటల్‌లో పెట్టి బయట తిరగవచ్చు. చాలా హోటళ్ళు దానికి డబ్బు అడగవు, ఖాళీ గది ఉంటే తొందరగా ఇచ్చేస్తాయి కూడా. చౌక విమానాలు ఎక్కువగా దిగే రెండవ టెర్మినల్‌లోనే గంటల లెక్కన అద్దెకిచ్చే క్యాప్సూల్ గదులు (మనిషి పడుకునేంత చిన్న అరలు) ఉన్నాయి గానీ అవి పడుచువాళ్ళకు సరిపోతాయి తప్ప మీ నాన్నగారికి కాదు. ఊళ్ళోని ప్రధాన రైల్వే స్టేషన్ కేఎల్ సెంట్రల్ పక్కనే ఉన్న బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో పొద్దున్నే వేడి ఇడ్లీ, దోశ దొరుకుతాయి. ఆ వీధుల్లో వినబడేది ఎక్కువగా తమిళమే అయినా, రబ్బరు తోటల కాలంలో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళిన తెలుగు కుటుంబాల వారసులు మలేసియాలో ఇప్పటికీ ఉన్నారు. కొండ మీద సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉన్న బటు గుహలకు మాత్రం ఆ ఉదయమే తీసుకువెళ్ళకండి. నిద్రలేని కాళ్ళతో 272 మెట్లు ఎక్కించడం భక్తి అనిపించుకోదు.

ఇక టికెట్టు సంగతి. మీరు చూసిన ధరలో చాలా వరకు మనిషి, చేతి సంచి మాత్రమే ఉంటాయి. పక్కపక్క సీట్లు, పెద్ద పెట్టె, భోజనం అన్నీ వేరుగా కొనాలి. చేతి సామాను సాధారణంగా మనిషికి 7 కిలోలే కాబట్టి ముగ్గురికీ కలిపి ఒక పెద్ద పెట్టెకు టికెట్టుతో పాటే డబ్బు కట్టేయండి. అదే పెట్టెకు శంషాబాద్ కౌంటర్‌లో అడిగే రేటు చాలా ఎక్కువ. నూనె తేలే ఆవకాయ, నెయ్యి ఆ పెట్టెలోకే వెళ్ళాలి. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి. అమ్మకు ఒక శాలువా బయటే ఉంచండి.

భారతీయులకు 2023 డిసెంబర్ 1 నుంచి మలేసియా 30 రోజుల వరకు వీసా అడగడం లేదు. ఆ సడలింపును 2026 చివరి దాకా పొడిగించారు. కానీ దిగడానికి ముందు మూడు రోజుల లోపు డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం, కాబట్టి డబ్బు అడిగే వెబ్‌సైట్ల జోలికి వెళ్ళకండి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. తిరుగు టికెట్టు, హోటల్ బుకింగ్ కాగితాలను శంషాబాద్‌లోనే అడగవచ్చు.

విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి దూరం శంషాబాద్ నుంచి సికింద్రాబాద్‌కు ఉన్నదానికి దాదాపు రెట్టింపు. ఎక్స్‌ప్రెస్ రైలు 33 నిమిషాల్లో కేఎల్ సెంట్రల్ చేరుస్తుంది గానీ పెద్దలకు టికెట్టు 55 రింగిట్లు (రింగిట్ అంటే మలేసియా కరెన్సీ). ముగ్గురికి 165 పెట్టే బదులు గ్రాబ్ కారు (మన ఓలా, ఊబర్ లాంటిదే) తీసుకుంటే తక్కువలో హోటల్ గుమ్మం ముందే దిగుతారు.

హోటల్ కౌంటర్‌లో గది అద్దె ముందే కట్టినా మరి రెండు ఖర్చులు ఎదురవుతాయి. ఒకటి, విదేశీయుల నుంచి గదికి రాత్రికి 10 రింగిట్ల చొప్పున వసూలు చేసే పర్యాటక పన్ను; అది ప్రభుత్వానిది, బేరం లేదు. రెండోది డిపాజిట్, దానికి డెబిట్ కార్డు ఇవ్వకండి. క్రెడిట్ కార్డుపై అయితే ఆ మొత్తాన్ని పరిమితిలో ఆపి ఉంచుతారు, డెబిట్ కార్డుపై అయితే మీ ఖాతాలోని డబ్బే తిరిగి వచ్చే దాకా రోజుల తరబడి ఇరుక్కుంటుంది. కార్డు మిషన్ రూపాయల్లో కడతారా, రింగిట్లలోనా అని అడిగితే రింగిట్లే ఎంచుకోండి. రూపాయలు ఎంచుకుంటే మారకపు రేటులో వాళ్ళ లాభం కలిసి ఉంటుంది. గది పైకప్పు మీద బాణం గుర్తు కనిపిస్తే అది కిబ్లా దిశ, అంటే నమాజుకు మక్కా ఉన్న వైపు; పాతబస్తీ తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. అక్కడి ప్లగ్గులకు మూడు చదరపు పిన్నులు ఉంటాయి, మన గుండ్రటి పిన్నులు సరిగా పట్టవు, కాబట్టి కోఠీ గుజరాతీ గల్లీలో ఒక అడాప్టర్ కొనుక్కుని వెళ్ళండి. గది ఖాళీ చేసే రోజు డిపాజిట్ విడుదల చేసినట్లు రసీదు తీసుకోవడం మరవకండి. సాయంత్రం విమానమైతే అప్పుడు కూడా సామాను వాళ్ళ దగ్గరే ఉంచి తిరిగి రావచ్చు.