ఎవరూ చూడరనే మాట ఎక్కడిది?

పాఠకుల ప్రశ్నలకు విజయవాడలోని రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయురాలి జవాబులు

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయి తొమ్మిదో తరగతి. వాలీబాల్ ఆడుతుంది. మొన్న టీవీలో మహిళల క్రికెట్ చూస్తుంటే మా పెద్దాడు "ఆడవాళ్ల ఆట ఎవరు చూస్తారు? వాళ్లకి సమానంగా డబ్బులెందుకు?" అన్నాడు. పిల్ల మొహం చిన్నబుచ్చుకుని లేచి వెళ్లిపోయింది. నాకు జవాబు తోచలేదు.
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, మీ అబ్బాయికి ముందు ఈ సంగతి చెప్పండి. 1920 డిసెంబరు 26న ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో, గుడిసన్ పార్క్ మైదానంలో ఆడవాళ్ల ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. ఆడిన జట్లలో ఒకటి డిక్ కెర్ ఫ్యాక్టరీ అమ్మాయిలది. మొదటి ప్రపంచ యుద్ధానికి మగవాళ్లు వెళ్లిపోతే మందుగుండు పనిలో చేరినవాళ్లు, మధ్యాహ్నం విరామంలో బంతి తన్నడం మొదలుపెట్టారు. ఆ రోజు 53 వేల మంది వచ్చారు. చోటు చాలక ఇంకా వేలమంది గేటు బయటే ఉండిపోయారు. వసూలైన డబ్బు సేవాకార్యక్రమాలకు ఇచ్చారు.

ఏడాది తిరిగేలోపే, 1921 డిసెంబరు 5న, అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఈ ఆట ఆడవాళ్లకు తగదంది. క్లబ్బుల మైదానాలు వాళ్లకు ఇవ్వొద్దని చెప్పింది. ఆ నిషేధం ఎత్తేసింది 1971లో! యాభై ఏళ్లు గ్రౌండ్ ఇవ్వకుండా, టికెట్ అమ్మే వీలు లేకుండా చేశాక జనం ఎక్కడి నుంచి వస్తారు? జనం రాక ఆట ఆగలేదు, ఆపేస్తే జనం దూరమయ్యారు. ఈ వరస తిరగేసి చెబుతుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

నేను పనిచేసిన ఒక స్కూల్లో సాయంత్రం పెద్ద గ్రౌండ్ మగపిల్లలది. మా ఆడపిల్లలకు మధ్యాహ్నం రెండింటికి, సైకిల్ షెడ్డు వెనక. ఏప్రిల్‌లో ఆ నేల పెనంలా కాలేది. సర్వీస్ చేసే పిల్ల ముందు స్టీలు సీసాలో నీళ్లు పాదాల మీద పోసుకుని, గీత దగ్గర నిలబడి, అప్పుడు బంతి ఎగరేసేది. ఆ ఎండలో చూడ్డానికి ఎవరొస్తారు? ఏడాది చివర హెడ్‌మాస్టరు గారు "ఆడపిల్లల ఆటకి ఎవరూ రావట్లేదు, నెట్ కొనడం దండగ" అన్నారు. వాదించి, ఐదింటి టైము సాధించుకున్నాను. మరుసటి వారానికే తల్లులు గోడ పక్కన వరసగా కూర్చున్నారు.

ఇక డబ్బు సంగతి. మహిళల ప్రీమియర్ లీగ్‌లో ఐదు జట్లను 2023 జనవరిలో 4,669.99 కోట్లకు కొన్నారు. ఐదేళ్ల ప్రసార హక్కులు మరో 951 కోట్లు. చూసేవాళ్లు ఉంటారన్న నమ్మకం లేకుండా ఏ వ్యాపారి అంత పెడతాడు?

మీ అమ్మాయి తర్వాతి మ్యాచ్‌కి అన్నయ్యను వెంటబెట్టుకుని వెళ్లండి. స్కోరు రాసే పుస్తకం అతని చేతికివ్వండి.

ప్రశ్న: మన క్రికెట్ బోర్డు ఆడవాళ్లకీ మగవాళ్లకీ సమాన జీతం ఇస్తోందంటారు. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థిని, పటమట, విజయవాడ

జవాబు: జీతం కాదమ్మా, మ్యాచ్ ఫీజు. 2022 అక్టోబరులో ప్రకటించారు. టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6, టీ20కి 3 లక్షలు. ఏడాది కాంట్రాక్టు వేరు. ఆ సమయానికి మగవాళ్ల పై గ్రేడుకు 7 కోట్లు, ఆడవాళ్ల పై గ్రేడుకు 50 లక్షలు. పైగా ఫీజు ఆడిన మ్యాచ్‌కే వస్తుంది. మన మహిళల జట్టు 2014 నవంబరులో ఒక టెస్టు ఆడాక, మళ్లీ ఆడింది 2021 జూన్‌లోనే. ఫీజు సమానం చేయడం మంచి పనే, సంతోషించాను. మ్యాచ్‌లు కూడా పెంచాలి.